దోమల లెక్కకి జూలియా: ఏడాది వాడాక నా రివ్యూ

సిక్కోలులో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. పీహెచ్‌డీ దోమల సంఖ్య మీద. మా పెరటి తొట్టిలో గుడ్డు దోమై ఎగరడానికి మే నెలలో 8 రోజులు పట్టింది, జనవరిలో 13. అంటే ఇవాళ్టి దోమల కోసం ఎన్ని రోజుల కిందటి గుడ్లు లెక్కపెట్టాలన్నదే వాతావరణాన్ని బట్టి మారిపోతుంది. ఆ రోజుల ఎడాన్నే లెక్కల్లో ఆలస్యం అంటాం. లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్‌లో, ఇలాంటి సమీకరణాలు సాధించే డీడీఈ23 అనే ఫంక్షన్ మారని ఆలస్యాలకే. మారేవాటికి డీడీఈఎస్‌డీ ఉంది. మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు నా జీతానికి బరువని, ఉచితంగా దొరికే ప్రోగ్రామింగ్ భాష జూలియాలోని డిలేడిఫ్‌ఈక్యూ ప్యాకేజీ పట్టుకున్నాను.

ముందు చేత్తో తేలే లెక్క ఇచ్చి చూశాను. ఒక రాశి మారే రేటు, ఒక రోజు కిందటి తన విలువకి మైనస్ పెట్టినంత. మొదలుకి ముందంతా విలువ 1. కాగితం మీద 1వ రోజుకి సున్నా, 2వ రోజుకి −0.5. స్క్రీన్ మీదా అవే వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆలస్యాన్నే ఒక తెలియని రాశిగా పెట్టి, దాన్ని ‘డిపెండెంట్ లాగ్స్’ (మారే ఆలస్యాలు) కింద చెప్పుకోవచ్చు. మొదటి క్షణంలో గ్రాఫ్‌లో పడే మలుపు, ఆలస్యం గడిచిన ప్రతిసారీ అంతకంతకూ సన్నబడుతూ మళ్లీ తలెత్తుతుంది. అవి ఎక్కడెక్కడ పడతాయో ప్యాకేజీయే వెతికి పట్టుకుంటుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. కళింగపట్నం ఉష్ణోగ్రతలు పెట్టి, మొదటి ఆలస్యం ఉజ్జాయింపుగా 10 రోజులు వేశాను. ఎర్రర్ రాలేదు, గ్రాఫ్ నున్నగా వచ్చింది, కానీ తొట్టి లెక్కతో నెలల తరబడి కలవలేదు. రెండు వారాలు ఒకటే టెన్షన్. తప్పు నాదే. గుడ్డు పెట్టిన రోజు నుంచి రోజువారీ ఎదుగుదల కూడితే సరిగ్గా 1, అంటే పూర్తి ఎదుగుదల, రావాలి. మొదట్లో ఆ మొత్తం తప్పితే, ఆ తేడా చివరిదాకా అలాగే ఉండిపోతుంది. కాబట్టి మొదటి ఆలస్యాన్ని పాత ఉష్ణోగ్రతలతో విడిగా లెక్కగట్టి ఇవ్వాలి. ఇంకోటి, ఎండలు ముదిరేకొద్దీ ఆలస్యం తగ్గుతుంది కనుక, ఒక్క రోజులో, ఒక రోజున పెట్టినవాటికి మించిన గుడ్లు దోమలవుతాయి. 1 లోంచి ఆలస్యం మారే రేటు తీసేసి, దాంతో ఆ గుడ్ల లెక్కని గుణించడం మరవకండి.

రెండూ సరిచేశాక, మేలో దోమలు అత్యధికంగా ఉండే రోజు తొట్టి లెక్కకి ఒక్క రోజు తేడాలో కూర్చుంది.