ల్యాప్‌టాప్‌తో ‘ఫ్రీ’ యాంటీవైరస్: ఆ ఒక్క రూపాయి క్యూఆర్ స్కాన్ చేయకండి

ఇంజినీరింగ్, డిగ్రీ అడ్మిషన్లు అవగానే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం ఇది. ల్యాప్‌టాప్ మీద మాకేం ఫిర్యాదు లేదు, అది బాగానే నడుస్తోంది. గొడవంతా దాంతోపాటు ‘కాంప్లిమెంటరీ’ అని అంటగట్టిన యాంటీవైరస్‌తో. బిల్లు కట్టేసి బయల్దేరబోతుంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు స్క్రీన్ మీద ఇంకో క్యూఆర్ కోడ్ చూపించి “యాక్టివేషన్‌కి ఒక్క రూపాయి సార్, అదీ మీకు వెనక్కి వచ్చేస్తుంది” అంటాడు. అది స్కాన్ చేయకండి. ఒకవేళ చేసినా, ఫోన్లో ‘ఆటోపే’ అనో ‘మాండేట్’ అనో (మన ఖాతాలోంచి డబ్బు మళ్లీమళ్లీ దానంతటదే కట్ కావడానికి మనమిచ్చే అనుమతి) కనిపిస్తే పిన్ కొట్టకుండా వెనక్కి వచ్చేయండి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మేనకోడలికి బీటెక్ సీటు వచ్చిందని అక్కా బావగారూ విజయవాడలో పేరున్న షాపులోనే కొన్నారు. బావగారు గవర్నమెంటు టీచరు. కరెంటు బిల్లు రసీదులు కూడా ఏ ఏడాదివి ఆ ఏడాది దారం కట్టి దాచే మనిషి. అంతటి మనిషి ఫోన్ని ఆ కుర్రాడు “ఇలా ఇవ్వండి సార్, నేను చేస్తా” అని చేతిలోకి తీసుకుని, తనే స్కాన్ చేసి, తనే రెండుమూడు చోట్ల నొక్కి, పిన్ అడిగే దగ్గరికి వచ్చాక తిరిగి చేతికిచ్చాడు. వెనక జనం నిలబడి ఉన్నారు. స్క్రీన్ మీద ఒక రూపాయి అని పెద్ద అంకెల్లో ఉంది. దాని ముందు స్క్రీన్లో ఏముందో బావగారికి చూసే వీలే దొరకలేదు. తర్వాత ఆయన ఫోన్లో నేను చూస్తే అన్నీ ఉన్నాయి: గరిష్ఠంగా ఎంత లాగొచ్చో, ఏడాదికోసారి అని, గడువు ఎప్పుడో చాలా ఏళ్ల తర్వాత. ట్రయల్ నెల అయిపోగానే 2,999 రూపాయలు కట్ అయ్యాయి.

షాపుకు ఫోన్ చేస్తే “అది కంపెనీవాళ్లది సార్, మాకు సంబంధం లేదు” అన్నారు. కంపెనీ నంబరుకు చేస్తే చాట్‌బాట్ దగ్గరికి పంపారు. దాన్ని దాటుకుని మనిషి దొరికాక “రెన్యూ అయిపోయింది కాబట్టి రీఫండ్ కుదరదు, కావాలంటే వచ్చే ఏడాదికి ఇప్పుడే కడితే 40 శాతం డిస్కౌంట్ ఇస్తాం” అన్నాడు. డబ్బు వెనక్కివ్వమని అడిగినవాడికి ఇంకో ఏడాది అమ్మజూపడానికి ఎంత ధైర్యం ఉండాలి!

ఆ ఒక్క రూపాయి ఎందుకో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. రూపాయి వాళ్లకు అక్కర్లేదు, మన పిన్ కావాలి. ఇలా మళ్లీమళ్లీ లాగే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ 1 నుంచి కొత్త నిబంధనలు గట్టిగా అమలు చేస్తోంది. మొదటిసారి మనం పిన్నో ఓటీపీనో ఇచ్చి మాండేట్‌కు ఒప్పుకోవాలి. ఆ తర్వాత పరిమితి లోపు మొత్తానికి మళ్లీ అడగక్కర్లేదు. ఆ పరిమితి మొదట 5,000 ఉండేది, 2022 జూన్‌లో 15,000 చేశారు. ఇంట్లో వాడే యాంటీవైరస్ ధర మామూలుగా అక్కడిదాకా పోదు. అంటే రూపాయికి పిన్ కొట్టిన రోజునే 2,999కీ కొట్టేసినట్టు. అది చెప్పకుండా చేయించడమే మోసం.

డబ్బు లాగడానికి కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. బావగారికి ఆ మెసేజ్ వచ్చింది కూడా. కానీ అందులో యాంటీవైరస్ పేరు లేదు. డబ్బు వసూలు చేసిపెట్టే మధ్యవర్తి కంపెనీ పేరు, ఒక పొడుగాటి నంబరు, అంతే. చీరల సేల్, లోన్ ఆఫర్ మెసేజ్‌ల మధ్యలో అదీ ఒకటి. ‘డెబిట్’ అనే మాట ఉన్న మెసేజ్ ఏదైనా సరే, పంపిందెవరో తెలియకపోయినా తెరిచి చదవండి. డబ్బు పోకముందే ఆపడానికి అదే ఆఖరి అవకాశం.

అసలు ఆ యాంటీవైరస్ అవసరమా అంటే, నా లెక్కన చదువుకునే పిల్లలకు అవసరం లేదు. విండోస్ 10, 11 రెండింట్లోనూ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ లోపలే ఉంటుంది, ఉచితం. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంటుంది కాబట్టి అప్‌డేట్లు ఆపకుండా ఉంచితే మామూలు వాడకానికి అది చాలు. (పాత విండోస్ 10 వాడేవాళ్ల సంగతి వేరు. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. వాళ్లు ముందు ఆ సంగతి చూసుకోవాలి.) బయటి యాంటీవైరస్ వేయగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. షాపులో ఇది ఎవరూ చెప్పరు. పైగా “విండోస్‌లో ఏం ఉండదు సార్, రెండు రోజుల్లో వైరస్ ఎక్కేస్తుంది” అని టెన్షన్ పెడతారు.

భద్రత అమ్మేవాళ్లందరినీ గుడ్డిగా నమ్మక్కర్లేదని చెప్పడానికి ఒక ఉదాహరణ, ఇది మా కేసుతో సంబంధం లేనిది. అవాస్ట్ అనే పెద్ద యాంటీవైరస్ కంపెనీ, జనం ఏయే వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కోటీ 65 లక్షల డాలర్లు కట్టేలా తేల్చింది. మనల్ని ఎవరూ వెంటాడకుండా చూస్తామని చెప్పి అమ్మిన సాఫ్ట్‌వేరే ఆ పని చేసిందన్నమాట.

ఇక ఈమెయిళ్లు. వారంటీ రిజిస్ట్రేషన్‌కు ఈమెయిల్ అడుగుతున్నారని అక్క షాపులోంచే నాకు ఫోన్ చేస్తే నా జీమెయిల్ ఒకటి చెప్పాను, కాకపోతే చిన్న మెలికతో. జీమెయిల్‌లో మన పేరు తర్వాత, @ గుర్తుకు ముందు, ఒక ప్లస్ పెట్టి ఏ మాటైనా చేర్చొచ్చు. మెయిల్ మన దగ్గరికే వస్తుంది, కానీ ఏ అడ్రసుకు వచ్చిందో కనిపిస్తుంది. నేను ప్లస్ తర్వాత షాపు పేరు చేర్చాను. ఆ అడ్రసు ఇంకెక్కడా ఇవ్వలేదు. వారం తిరిగేసరికి పర్సనల్ లోన్ వాళ్లూ, షేర్ మార్కెట్ టిప్స్ వాళ్లూ, అమరావతి దగ్గర ప్లాట్లు అమ్మేవాళ్లూ అదే అడ్రసుకు రాయడం మొదలుపెట్టారు. ఎక్కడినుంచి లీకైందో వేరే సాక్ష్యం అక్కర్లేదు కదా. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అప్పుడు ఇలాంటివాటికే విడిగా ఒక ఖాతా పెట్టుకోవడం మంచిది.

ఈ మెయిళ్లను ఆపడంలోనూ తేడా ఉంది. తెలిసిన పెద్ద కంపెనీ నుంచి వచ్చేవాటికి పైన ఉండే ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కొచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవాళ్లు, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపే వీలు ఇవ్వాలని గూగుల్ 2024లో నియమం తెచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిల్లో లోపల ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం నొక్కకండి. ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. స్పామ్ అని రిపోర్టు కొట్టి వదిలేయండి.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు పోయే వ్యవహారం. ఇప్పుడు చెప్పేది ఖాతా మొత్తం ఊడ్చుకుపోయే వ్యవహారం, దయచేసి దీన్ని ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. యాంటీవైరస్ రెన్యూవల్ పేరుతో దొంగ ఇన్‌వాయిస్‌లు తిరుగుతున్నాయి. ‘మీ సబ్‌స్క్రిప్షన్ 34,999 రూపాయలకు రెన్యూ అయింది, రద్దు చేసుకోవాలంటే 24 గంటల్లోగా ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉంటుంది. అందులో లింకు ఉండదు, వైరస్ ఉండదు, ఒక్క ఫోన్ నంబరే. అప్పటికే నిజంగా 2,999 పోయి మండిపోతున్న ఇంటికి ఇలాంటి మెయిల్ వస్తే ఎలా ఉంటుంది? నా ఇన్‌బాక్స్‌కు అది రాగానే అక్కకు చూపించాను, ఇలాంటిది వస్తే జాగ్రత్త అని. ఆవిడ నా మాట పూర్తిగా వినకుండానే ఆ నంబరు డయల్ చేయబోయింది.

ఫోన్ చేస్తే ఏం జరుగుతుందంటే, అవతలివాడు చాలా మర్యాదగా మాట్లాడి, రీఫండ్ ఫారం నింపాలంటూ స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేయిస్తాడు. తర్వాత బ్యాంకు యాప్ తెరవమంటాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మంచి పనులకూ వాడతారు, ఆ యాప్‌ల తప్పేం లేదు. కానీ రీఫండ్ ఇవ్వడానికి మన స్క్రీన్ చూడాల్సిన అవసరం ప్రపంచంలో ఏ కంపెనీకీ ఉండదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పరువు పోతుందని రాత్రంతా ఆలోచించి పొద్దున్నే చేస్తే ఆ డబ్బు అప్పటికి ఎన్నో ఖాతాలు మారి ఉంటుంది.

మేనకోడలి ల్యాప్‌టాప్‌లో మూలన ‘5 వైరస్‌లు దొరికాయి’ అని ఎర్రటి పెట్టెలు వస్తూనే ఉండేవి. యాంటీవైరస్ తీసేసినా ఆగలేదు. చూస్తే అవి యాంటీవైరస్‌వే కావు, ఏదో సైటు నోటిఫికేషన్లకు బ్రౌజర్‌లో ‘అలౌ’ నొక్కి ఉంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కు వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేస్తే ఆగిపోయాయి. ఇంతే పని. దీనికి సర్వీసు సెంటర్లో డబ్బులు తీసుకునేవాళ్లున్నారు.

బావగారికి పోయిన డబ్బుకన్నా ఆ తీరు మీదే కోపం. 2024లో ఆయన ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఎన్నికల డ్యూటీ చేశారు. “ఈవీఎంలను నమ్మం అని పొద్దున లేస్తే ఎవరో ఒకరు అంటారు. మేం పోలింగ్‌కు ముందు ఏజెంట్లను కూర్చోబెట్టి కనీసం యాభై ఓట్లతో మాక్ పోల్ చేస్తాం. మిషన్ లెక్కా, ఓటు ఎవరికి పడిందో కాగితం మీద చూపే వీవీప్యాట్ స్లిప్పులూ కలిశాయో లేదో వాళ్లకు చూపిస్తాం, అంతా క్లియర్ చేసి, ఆ స్లిప్పులు నల్ల కవర్లో పెట్టి సీలు వేశాకే అసలు పోలింగ్. ఓటరుకు తన స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. నా ఫోన్లో నేను దేనికి ఒప్పుకున్నానో ఆ కుర్రాడు నాకు ఆ ఏడు సెకన్లు కూడా చూపించలేదు” అన్నారు.

ఈవీఎంల విషయంలో నేను ఆయనంత నిశ్చింతగా లేను. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఐదు వీవీప్యాట్‌లు మాత్రమే లెక్కించడం చాలదని నా అభిప్రాయం. అన్నీ లెక్కించాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది, ఆ వాదన ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఆయన పట్టుకున్న పాయింటు నిజమే. అక్కడ అనుమానించడానికైనా ఒక కాగితం ఉంది, పక్కన కూర్చుని చూసే ఏజెంట్లున్నారు. కౌంటర్ దగ్గర మన వైపు ఎవరూ ఉండరు.

ఆ కుర్రాడిని తిట్టి లాభం లేదు. ఇన్ని యాక్టివేషన్లు చేయాలని వాడికి టార్గెట్ ఉంటుంది. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల మీద వాడుకోవడానికి మన దగ్గర ఒక ఆయుధం ఉంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాడిని బోల్తా కొట్టించే 13 రకాల పద్ధతులను పేర్లు పెట్టి మరీ నిషేధించింది. రద్దు చేయడం కష్టం చేసే ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అందులో ఉంది, వైరస్ ఉందని లేనిపోని భయం పెట్టి డబ్బు కట్టించడం కూడా ఉంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ మాటలే వాడండి. మేం మొదట కంపెనీకి రాసినప్పుడు ‘మోసపోయాం, న్యాయం చేయండి’ అంటే జవాబే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, మాండేట్ స్క్రీన్‌షాట్, షాపు బిల్లు, చాట్‌లో వాళ్లన్న మాటలు జతచేసి, సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అని పేరు పెట్టి ఫిర్యాదు చేశాక కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు. ‘గుడ్‌విల్ కింద’ డబ్బు వెనక్కి వేశారు. షాపు మాత్రం ఇప్పటికీ తనకేం సంబంధం లేదనే అంటోంది, ఈమెయిల్ ఎలా లీకైందన్న దానికి జవాబు లేదు.

షాపు పేరు చెప్పమని అడగకండి. పేరు చెబితే ఆ ఒక్క షాపుకు వెళ్లకుండా పక్క షాపులో ఇదే రూపాయి కడతారు. ఇప్పటికే కట్టి ఉన్నవాళ్లు ముందు మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి ఆటోపే చూడండి, కార్డు ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లో మాండేట్లు చూడండి. రద్దు చేయడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు, అక్కడే చేయొచ్చు. యాంటీవైరస్‌ను ల్యాప్‌టాప్‌లోంచి తీసేస్తే మాండేట్ పోదు, రెండూ విడివిడిగా తీయాలి. బావగారి ఫోన్లో చూస్తే దాంతోపాటు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి అక్క ఎప్పుడో సీరియల్ కోసం తీసుకుని మర్చిపోయిన ఓటీటీ. రెండోది దేనికో ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని కూడా రద్దు చేశాం, ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అప్పుడు తెలుస్తుంది.