పేగులో రక్తస్రావం: కొలనోస్కోపీయా, క్యాథెటరా, ఆపరేషనా?

మలంలో ఎర్రటి రక్తం పడగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఆపరేషన్ తప్పదా?" అని. చాలామందికి తప్పుతుంది. ముందుగా తేలాల్సింది రక్తం ఎంత వేగంగా పోతోందన్నదే.

బీపీ నిలకడగా ఉంటే నా ఓటు కొలనోస్కోపీకే, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్షకే. పెద్దపేగు గోడలో ఉబ్బిన చిన్న సంచుల నుంచి వచ్చే రక్తం చాలాసార్లు దానంతట అదే ఆగుతుంది. కాబట్టి కారణం కళ్లారా చూసి, అవసరమైతే అక్కడే క్లిప్పు వేసే వ్యవధి ఉంటుంది. అయితే పేగు శుభ్రపడడానికి లీటర్ల కొద్దీ మందునీళ్లు తాగాలి. రక్తం ధారగా పోతుంటే కెమెరాకు ఎరుపు తప్ప ఏమీ కనిపించదు.

బీపీ పడిపోతుంటే క్యాథెటరే (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) మేలు. ముందు రక్తనాళాలను చూపే స్కాన్ అయిన సీటీ యాంజియోగ్రామ్‌తో చోటు గుర్తిస్తారు. తర్వాత గజ్జ దగ్గర మత్తు సూది వేసి, ధమనిలోంచి గొట్టం పంపుతారు. దానిలోంచి మిల్లీమీటరు కూడా మందం లేని మరో గొట్టం పేగు అంచు దాకా వెళుతుంది. ఎక్స్-రేలో కనిపించే ద్రవం (డై) వదిలితే కారుతున్న చోట తెరమీద నల్లటి మరక వ్యాపిస్తుంది. అక్కడే సన్నని లోహపు తీగ చుట్టలతోనో జిగురుతోనో నాళం మూసేస్తారు. గడ్డకట్టే గుణం తగ్గిన రక్తానికి జిగురు నయం, ఎందుకంటే తీగచుట్ట పని పూర్తికావాలంటే రక్తమూ గడ్డకట్టాలి.

దీనికీ పరిమితులున్నాయి. నిమిషానికి సుమారు 0.5 నుంచి 1 మిల్లీలీటరు కారితేనే మరక కనిపిస్తుంది; ఆగి ఆగి వచ్చే రక్తం దొరక్కపోవచ్చు. జీర్ణాశయానికి రక్తం నాలుగు దారుల్లో వస్తుంది కనుక ఒకటి మూసినా నష్టం తక్కువ. పెద్దపేగుకు అంత వెసులుబాటు లేదు, మూసింది ఎక్కువైతే ఆ ముక్క చచ్చుబడుతుంది. డైతో మూత్రపిండాలకూ ఇబ్బంది రావచ్చు. గుండెకు స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్ ఉన్నంత మాత్రాన ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉన్నట్టు కాదు. ఆసుపత్రిని ఆ సంగతి సూటిగా అడగండి.

ఆపరేషన్ ఆఖరి దారి. మిగతావి విఫలమైనా, పేగు చచ్చుబడినా, చిల్లుపడినా అది తప్పదు. చోటు తెలియకుండా పేగు కోస్తే మళ్లీ రక్తం పోయే ప్రమాదం ఎక్కువ. అందుకే యాంజియోగ్రామ్ సర్జన్‌కూ దారి చూపుతుంది.

క్యాథెటర్ రక్తాన్ని ఆపుతుంది కానీ, కణితి ఉందో లేదో చెప్పదు. కోలుకున్నాక కొలనోస్కోపీ ఎప్పుడో డిశ్చార్జ్ ముందే రాయించుకోవాలి. ఈలోగా కడుపునొప్పి పెరిగితే వెంటనే వెళ్లాలి.