ఏడేళ్ళు వాడిన ఈ-రీడర్: మిషన్‌కి నాలుగున్నర స్టార్లు, దుకాణానికి రెండు

ఈ-బుక్స్ చదువుకునే ఈ మిషన్‌ని 2018 దసరా సేల్‌లో కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్‌లో దిగేదాకా దాదాపు గంట. ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేత్తో హాయిగా చదువుకోవచ్చు. ఫోన్‌లా కళ్ళు మండవు. ఛార్జింగ్ ఇప్పటికీ పది రోజులు వస్తోంది. మూలన ఒక గీత ఉంది, అది మా వాడి క్రికెట్ పుణ్యం.

దాంట్లోకి పుస్తకాలు అమ్మే ఆ కంపెనీ ఆన్‌లైన్ దుకాణంతోనే వచ్చింది తంటా. 2023లో నంబర్ మార్చాను. ఓటీపీ పాత నంబర్‌కే పోతోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఒకసారి రీసెట్ చేయండి మేడమ్" అన్నారు. చేశాను. 143 పుస్తకాలు మాయం! లాగిన్ అయితే తిరిగొస్తాయట, లాగిన్‌కి ఓటీపీ కావాలట. మెయిళ్ళ మీద మెయిళ్ళు పెడితే 19 రోజులకి తెరిచారు. మధ్యలో ఒకమ్మాయి మర్యాదగానే చెప్పింది, "మీరు కొన్నది పుస్తకం కాదు మేడమ్, చదువుకునే లైసెన్స్." డబ్బు కట్టేటప్పుడు బటన్ మీద మాత్రం 'కొనండి' అనే ఉంటుంది.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చింది, కొన్న పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరి 26న అమెజాన్, తన ఈ-రీడర్ కిండిల్ కోసం మనం కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించి కేబుల్‌తో ఎక్కించుకునే దారి తీసేసింది.

రాసేవాళ్ళకి ఇంకో రకం ముడి. కిండిల్‌లో సొంతంగా పుస్తకం వేసుకున్న రచయితకి ఇండియా అమ్మకాల మీద 70 శాతం రాయల్టీ రావాలంటే, ఆ ఈ-బుక్‌ని 90 రోజుల పాటు ఇంకెక్కడా అమ్మకూడదు. కాదంటే 35 శాతమే. నేనైనా ఒప్పుకుంటాను. కానీ ఇంకో దుకాణం నిలబడాలంటే అందులో సరుకుండాలి కదా!

మన సంగతి మరీను. 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. తెలుగు లేదు. 2011 లెక్కల ప్రకారమే ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష మనది. పెద్ద కొట్టువాడికి అక్కర్లేదనిపిస్తే అంతే. తెలుగు పుస్తకాలకి నేను ఇప్పటికీ కాచిగూడ నవోదయకే వెళ్తాను, లేదా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి.

కొనొద్దని చెప్పను. తాళం లేని (కాపీ చేసుకోనిచ్చే) ఈపబ్ అనే రకం ఈ-బుక్ ఫైళ్ళు అమ్మేచోట దొరికితే అక్కడే కొనండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. నంబర్ మార్చే ముందు అకౌంట్‌లో మార్చుకోండి, నాలా టెన్షన్ పడకుండా.

మొన్న మా చెల్లెలు "అక్కా, ఆ నవల చదివేశానన్నావుగా, ఇవ్వవా" అంది. ఎలా ఇవ్వను? మొత్తం రీడరే ఇచ్చి పంపాను. వారమైంది, మెట్రోలో స్టేషన్ల పేర్లు చదువుకుంటూ వెళ్తున్నాను.