షెనాండోవా అడవిలో తెల్ల ఆస్టర్ దొరికింది

సెప్టెంబరు చివర్లో అమ్మను తీసుకుని వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కుకు వెళ్ళాను. ఆకులు రంగు మారే అక్టోబరు దాకా చాలామంది ఆగుతారు. నేను వెళ్ళింది మాత్రం చెట్ల నీడన పూసే వైట్ ఉడ్ ఆస్టర్ అనే తెల్లపూల మొక్క కోసం.

మొదటి రాత్రి కొండ కింద ఊళ్ళో ఒక మోటెల్‌లో దిగాం. అద్దె తక్కువే, కానీ గదంతా చెమ్మ వాసన, పొద్దున వేడినీళ్ళు రాలేదు. పైగా పార్కు గుండా కొండల మీదుగా పోయే స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు మీద గంటకు 35 మైళ్ళు దాటకూడదు కాబట్టి మేం పైకి చేరేసరికి ఎండెక్కింది. రెండో రాత్రి ఆ రోడ్డులో 51వ మైలు దగ్గరున్న బిగ్ మెడోస్ లాడ్జిలో ఉన్నాం. ఖర్చు ఎక్కువైనా తెల్లారేసరికి అడవిలో ఉండొచ్చు. పూల కోసం వెళ్ళేవాళ్ళు అక్కడే ఉండండి. పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మొక్కల్ని పోల్చుకోవడానికి కావలసిన ఫొటోలు ముందే ఫోన్‌లోకి దించుకోండి.

డార్క్ హాలో జలపాతం బాగుంటుంది కానీ తిరిగి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. అమ్మ సగంలోనే ఆగిపోయింది. 43వ మైలు దగ్గర లింబర్‌లాస్ట్ బాట మాత్రం చదునుగా ఉంటుంది, చుట్టంతా కలిపి 1.3 మైళ్ళే, కూర్చోవడానికి బల్లలున్నాయి.

అక్కడ తెల్లటి గుత్తులు చూసి సంబరంగా వంగాను. తీరా అది వైట్ స్నేక్‌రూట్! దానికి చుట్టూ రేకులుండవు, అన్నీ మెత్తటి కుచ్చులే. ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. ఆ మొక్క మేసిన ఆవుల పాలు తాగి 19వ శతాబ్దంలో ఎందరో చనిపోయారు.

ఇంకాస్త ముందుకెళ్తే అసలుది కనిపించింది. పువ్వు కంటే ముందు ఆకు చూడాలి: కింది ఆకులు తమలపాకులా హృదయాకారంలో, పొడవాటి కాడతో, అంచున రంపపు పళ్ళతో ఉంటాయి. ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. కాండం ఆకు ఆకుకీ వంకర తిరుగుతుంది. తెల్ల రేకులు ఐదు నుంచి పది దాకా, అదీ ఎడం ఎడంగా. నడిమి బొడ్డు ముందు పసుపు, ముదిరాక ఎర్రబారుతుంది. ఒకే గుత్తిలో రెండు రంగులూ చూశాం.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఇది మన గుంటగలగర చుట్టంలా ఉందిరా" అంది. నిజమే, రెండూ చామంతి కుటుంబమే.

పార్కులో పువ్వు కోయకూడదు. అందుకే ఆకు పక్కన అమ్మ అరచెయ్యి పెట్టించి, కొలత తెలిసేలా ఫొటో తీసుకున్నాను.