గీత దాటిన కోచ్‌కి హెచ్చరికా, టెక్నికల్ ఫౌలా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో, ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) పురుషుల పోటీల్లో, కోచ్‌లు తిరిగే హద్దును 2017-18 సీజన్‌లో 28 అడుగుల నుంచి 38 అడుగులకి పెంచారు. అయినా గీత దాటడం ఆగలేదు. అప్పుడు రెఫరీ ముందు రెండు దారులుంటాయి: హెచ్చరిక, లేదా టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తన తప్పుకి వేసే శిక్ష.

ఖర్చు: హెచ్చరికతో స్కోరు మారదు. టెక్నికల్‌తో మారొచ్చు. హద్దు దాటడం లాంటి క్లాస్ బీ తప్పుకి ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే అవకాశం), దూషణ లాంటి క్లాస్ ఏ తప్పుకి రెండు. క్లాస్ ఏ రెండోసారి పడితే కోచ్ బయటికి వెళ్లాల్సిందే.

శ్రమ: హెచ్చరికకు ఓ మాట చాలు, కానీ స్కోరర్ దగ్గర నమోదు చేయించాలి. నోటిమాటతో వదిలేస్తే అదే మ్యాచ్‌లోని మరో రెఫరీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. నాకు ఇదే అసలు లోపం అనిపిస్తుంది.

ప్రమాదం: ఉపేక్షిస్తే కోపం ముదురుతుంది. తొందరపడితే మ్యాచ్ ఫలితమే రెఫరీ ఈలకి ముడిపడుతుంది. 1985 ఫిబ్రవరి 23న పర్‌డ్యూతో మ్యాచ్‌లో ఇండియానా కోచ్ బాబ్ నైట్ కోర్టులోకి కుర్చీ విసిరారు. అలాంటిదానికి హెచ్చరిక ఏం సరిపోతుంది? ఆయన్ని బయటికి పంపారు, తర్వాత ఇండియానా ఆడే లీగ్ బిగ్ టెన్ ఆయన్ని ఒక మ్యాచ్ నిషేధించింది.

ఆటగాళ్లకి సూచనలిస్తూ అడుగు గీత దాటితే మొదటిసారి హెచ్చరిక. మళ్లీ దాటితే టెక్నికల్. రెఫరీని తిట్టినా, మీదికి వచ్చినా, చివరి నిమిషమైనా సరే, నేరుగా టెక్నికల్.