స్క్రోలా, ఫ్రేమా, మడత తెరా? ఆర్ట్ డెకో గదికి జపాన్ కుంచె రాత ఏ రూపంలో మేలు?

వెల్వెట్ సోఫా, ఇత్తడి దీపాలు, నల్లగా నిగనిగలాడే లక్క అల్మరా, గోడంత అద్దం. ఇంత ఆర్భాటమున్న గదిలో జపాన్ కుంచె రాత (కాలిగ్రఫీ) ఇముడుతుందా అని అనుమానం అక్కర్లేదు. ఇలాంటి మెరుపులు ఇష్టపడే, 1920, 30ల నాటి ఆర్ట్ డెకో శైలికీ జపాన్ కళకీ పాత చుట్టరికమే ఉంది. ఆర్ట్ డెకో లక్క తెరలకు పేరుపడ్డ ఐలీన్ గ్రే, జాన్ డ్యూనాన్ ఇద్దరూ ఆ పని నేర్చుకున్నది పారిస్‌లో సుగవారా సెయిజో అనే జపాన్ పనివాడి దగ్గర. 1925లో పారిస్‌లో జరిగిన అలంకరణ కళల ప్రదర్శన చూసొచ్చిన జపాన్ రాజకుటుంబీకుడు అసాకా, 1933లో టోక్యోలో ఆర్ట్ డెకో భవనమే కట్టించుకున్నాడు, ఫ్రెంచి గాజు కళాకారుడు లాలిక్ చేసిన గాజు తలుపులతో సహా. ఇప్పుడది తెయియెన్ మ్యూజియం. ఇక తేల్చుకోవాల్సింది రాతను ఏ రూపంలో పెట్టాలన్నదే.

చాలామంది మొదట ఎంచుకునేది కకెజికు, అంటే గోడకు వేలాడే స్క్రోల్. నా లెక్కలో ఈ గదికి అన్నిటికంటే తక్కువ నప్పేది అదే. టొకొనొమా అనే ఖాళీ గూటిలో, మహా అయితే ఒక పూలకుండీ తోడుగా వేలాడటానికి పుట్టింది అది. దాని చుట్టూ ముందే పట్టు జరీ అంచు ఉంటుంది. వెనక డిజైన్ వాల్‌పేపర్ కూడా ఉంటే కన్ను ఎక్కడా నిలవదు. పైగా ఏడాది పొడుగునా వేలాడదీసే వస్తువు కాదు. జపాన్‌లో రుతువును బట్టి మారుస్తారు, మిగతా రోజులు చుట్టి చెక్కపెట్టెలో దాస్తారు. ఏసీ గాలి నేరుగా తగిలితే అంచులు ముడుచుకుంటాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమకు బూజు పడుతుందన్న టెన్షన్ వేరే. ఇంత ఓపిక ఉందనుకుంటేనే, ఒక గోడను పూర్తిగా బోసిగా వదిలి దానికి వేలాడదీయండి.

ఫ్రేమ్‌తో ఇన్ని తిప్పలు లేవు. ఈ రాతకు వాడే సుమి సిరా అంటే మసి, జంతువుల జిగురు. ఆ మసి నలుపు వెలుతురుకు వెలిసిపోదు. కాగితం మాత్రం పసుపెక్కుతుంది కాబట్టి ఎండపొడ తగలకూడదు. తక్కువలో దొరికేది షికిషి, సుమారు 24 × 27 సెంటీమీటర్ల అట్ట. సోఫా పైన పెడితే కనిపించకుండా పోతుంది, పక్క బల్ల మీదైతే ముచ్చటగా ఉంటుంది. పెద్ద గోడకు ఒకే ఒక్క అక్షరం కావాలి, జపాన్ కాలిగ్రాఫర్ ఇనోఉఎ యూఇచి రాసినట్టు కాగితమంతా నిండేలా. ఫ్రేమ్ సన్నటి నల్లది చాలు. నగిషీల బంగారు ఫ్రేమ్ వేస్తే రాతకు బదులు ఫ్రేమే కనిపిస్తుంది. షాండ్లియర్ బల్బులు గాజులో మెరవకుండా ప్రతిబింబం పడని అక్రిలిక్ వేయించండి. ఎవరూ చెప్పని ఇంకో సంగతి: ఎదుటి గోడకు అద్దం ఉంటే అక్షరం అందులో తిరగబడి కనిపిస్తుంది. పూలబొమ్మకైతే ఫర్వాలేదు, రాతకు అది లోపమే.

స్థలం, డబ్బు రెండూ ఉంటే నా ఓటు బ్యోబుకే. మడత తెర అది, అందులోనూ బంగారు రేకు అద్దినది. గదిలోని మెరుపుతో రాత పోట్లాడక్కర్లేదు, మెరుపు దాని అడుగునే ఉంటుంది. 17వ శతాబ్దపు తొలినాళ్లలో చిత్రకారుడు సోతత్సు బంగారు, వెండి రంగులతో బొమ్మలేసిన కాగితం మీద కాలిగ్రాఫర్ కోయెత్సు పద్యాలు రాశాడు. మొన్న మొన్నటిదాకా బతికిన జపాన్ చిత్రకారిణి షినొదా తోకో (1913–2021) లోహపు రేకుల మీద సిరా గీతలు గీసింది. పట్టపగటి వెలుగు కన్నా మసక దీపానికే బంగారు తెర అందం, మడతకో రకంగా మెరుస్తుంది. వెండి రేకు తెర మాత్రం కొన్నాళ్లకు నల్లబడుతుంది, అది ఇష్టమైతేనే కొనండి. ఫ్లాట్‌లో రెండు మడతలది చాలు, ఆరు మడతలదైతే నడవడానికి దారుండదు. పరుగులు పెట్టే పిల్లలున్న ఇంట్లో ఇంకొన్నేళ్లు ఆగి, అందాకా ఫ్రేమ్‌తో సరిపెట్టుకోవడమే మంచిది. అద్దె ఇల్లయితే మాత్రం తెరకు మేకు కొట్టే పనే లేదు.