జీడీబీ బ్రేక్‌పాయింట్లు: కాంటా సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ల తరబడి వాడిన తరువాత

మిర్యాలగూడ, హాలియా ప్రాంతాల రైస్ మిల్లుల్లో వడ్ల లారీలను తూచే కాంటాల కోసం సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఒక ప్రోగ్రాము బాగోగులను నల్గొండలో కూర్చుని చూసుకోవడం నా ఉద్యోగం. లినక్స్ మీద నడిచే ఆ ప్రోగ్రాములో లోపాలను వెతకడానికి మొదటినుంచీ జీడీబీనే వాడుతున్నాను. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఈ డీబగ్గర్‌కు పరిచయ వ్యాసాలు కావలసినన్ని ఉన్నాయి కనుక బ్రేక్‌పాయింట్ల వరకే, అంటే నడుస్తున్న ప్రోగ్రామును కోరిన చోట ఆపే గుర్తుల వరకే, రాస్తున్నాను. లైను నంబరు ఇచ్చి ప్రోగ్రామును ఆపడం వీటిలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే పద్ధతి అని, మిగతా పద్ధతులు తెలియకుండా జీడీబీని వాడేవారు దాని విలువలో పావు వంతు కూడా పొందడం లేదని నా అభిప్రాయం.

మామూలు బ్రేక్‌పాయింటు గురించి చెప్పవలసింది కొంచెమే. ఎక్స్86 ప్రాసెసర్ మీద జీడీబీ ఆ చోట ఉన్న ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటును దాచిపెట్టి, హెక్సాలో సీసీ అని రాసే బైటును అక్కడ ఉంచుతుంది. ప్రాసెసర్ దానిని చేరగానే ప్రోగ్రాము ఆగుతుంది. డీబగ్ సమాచారాన్ని చేర్చే జీ ఆప్షన్‌తో (-g) కంపైల్ చేయకపోతే లైను నంబర్లు పనిచేయవు. వేగం కోసం కంపైలర్ కోడును మార్చే ఓ2 ఆప్టిమైజేషన్ (-O2) పెడితే లైన్లు ముందుకూ వెనక్కూ దూకుతాయి, సగం వేరియబుళ్ల విలువలు కనిపించవు. అందుకు జీడీబీని తిట్టుకుని లాభం లేదు, డీబగ్ బిల్డును విడిగా చేసుకోవాలి.

అసలు బలం ఎక్కడుందో ఒక యాసంగి సీజనులో వచ్చిన ఫిర్యాదుతో చెబుతాను. ఒక మిల్లులో అప్పుడప్పుడు స్లిప్పు మీద నికర బరువు మైనస్‌లో పడుతోంది. లోడుతో వచ్చిన లారీని ముందు తూచి, వడ్లు దింపాక ఖాళీ లారీని మళ్లీ తూచి, మొదటి దానిలోంచి రెండవది తీసివేయడమే లెక్క కాబట్టి, ఖాళీ బరువు లోడు బరువును మించితే తప్ప మైనస్ రాదు. రోజంతా వచ్చే స్లిప్పులలో ప్రతిదాని దగ్గరా ఆగడం అయ్యే పని కాదు. ఇండికేటర్ (కాంటా బరువును చూపే పెట్టె) సీరియల్ కేబుల్ మీద పంపే డేటాను ఫైలులోకి రికార్డు చేయించి, ఆఫీసులో దానినే మళ్లీ నడుపుతూ, స్లిప్పు ప్రింటు చేసే ఫంక్షన్ మీద బ్రేక్‌పాయింటు పెట్టి, ఖాళీ బరువు ఎక్కువైతేనే ఆగాలని దాని వెనుక ఇఫ్ షరతు తగిలించాను. ఆగింది కానీ, విలువ అప్పటికే చెడిపోయి ఉంది. చెడగొట్టింది ఎవరో తేల్చడానికి, ఒక విలువ మారగానే ప్రోగ్రామును ఆపే వాచ్‌పాయింటు అవసరమైంది. లోడు బరువు ఉన్న మెమరీ చిరునామా మీద ఎల్ ఆప్షన్‌తో వాచ్ పెట్టి అదే డేటాను మళ్లీ నడిపితే, పాత విలువ 28640, కొత్త విలువ 8460 అని చూపిస్తూ సరిగ్గా ఆ లైను దగ్గరే నిలిచింది. లారీ స్లిప్పు ఇంకా ముగియకముందే, వెనకాల వచ్చిన ట్రాక్టరు బరువును అదే స్లిప్పులోకి ఎక్కించే లైను అది. ఎల్ ఆప్షన్ లేకుండా లోకల్ వేరియబుల్ పేరుతో వాచ్ పెడితే, ఆ ఫంక్షన్ ముగియగానే జీడీబీ దానిని తనంతట తానే తీసివేస్తుంది. కొత్తవారిని బాగా తికమక పెట్టేది ఇదే.

అయితే ఎక్స్86లో ఇందుకు వాడే డీబగ్ రిజిస్టర్లు (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న నిల్వ చోట్లు) నాలుగే, 64 బిట్ మోడులో ఒక్కొక్కటి ఎక్కువలో ఎక్కువ ఎనిమిది బైట్లను కాపలా కాస్తుంది. ఆ నాలుగింటికీ పట్టని స్ట్రక్చర్ (కొన్ని విలువలను కలిపి ఉంచే డేటా) మీద వాచ్ పెడితే జీడీబీ ఒక్కొక్క ఇన్‌స్ట్రక్షన్ చొప్పున ప్రోగ్రామును నడిపిస్తూ విలువను పోల్చుకుంటుంది. వందల రెట్లు నెమ్మదించవచ్చని మాన్యువల్ చెప్పేది అతిశయోక్తి కాదు. షరతు పెట్టిన బ్రేక్‌పాయింట్లకూ ఇదే జబ్బు కొంత ఉంది: షరతు నిజం కాకపోయినా ప్రోగ్రాము ప్రతిసారీ ఆగి, జీడీబీ లెక్క చూసుకున్నాకే కదులుతుంది. ఇండికేటర్ నుంచి అక్షరం అక్షరం చదివే లూపులో అలాంటిది పెట్టడం కన్నా, తాత్కాలికంగా కోడులోనే ఒక ఇఫ్ రాసి దాని లోపల మామూలు బ్రేక్‌పాయింటు పెట్టుకోవడం మేలు.

నడుస్తున్న కాంటా దగ్గర పరిస్థితి వేరు. గేటు బయట లారీలు వరుస కట్టి ఉండగా ప్రోగ్రామును ఆపితే డ్రైవర్లు ఊరుకోరు, ఇండికేటర్ అంతకంటే ఊరుకోదు. అది పంపుతూనే ఉంటుంది, బఫర్ (వచ్చిన డేటా వేచి ఉండే చోటు) నిండుతుంది, కదిలించాక పాత బరువులు చదవవలసి వస్తుంది. డీప్రింట్ఎఫ్ అనే ఆదేశం నాకు నచ్చింది అందుకే: చెప్పిన చోట విలువను ప్రింటు చేసి, మన కోసం ఎదురుచూడకుండా ముందుకు సాగుతుంది. ఏదైనా ఒక థ్రెడ్ (ప్రోగ్రాములో సమాంతరంగా సాగే పనుల్లో ఒకటి) ఆగితే మిగతావన్నీ ఆగడం జీడీబీ మామూలు పద్ధతి. నాన్‌స్టాప్ మోడులో ఆగినది మాత్రమే ఆగి, సీరియల్ చదివే థ్రెడ్ నడుస్తూనే ఉంటుంది. కానీ నడుస్తున్న ప్రోగ్రాముకు జీడీబీ తగులుకోకముందే (అటాచ్) ఆ మోడును ఆన్ చేయాలి. ఉబుంటు యంత్రాలలో అలా తగులుకోవడానికే సాధారణంగా సుడో (అడ్మిన్ అధికారం) అడుగుతుంది కనుక, మిల్లుకు బయలుదేరే ముందే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కనుక్కోవడం మంచిది.

సేవ్ బ్రేక్‌పాయింట్స్ అనే ఆదేశంతో అన్నిటినీ ఫైలులో దాచుకుని మరుసటి రోజు సోర్స్ ఆదేశంతో తెచ్చుకోవచ్చు. లైను నంబర్లతో పెట్టినవి మాత్రం కోడు మారగానే పక్క లైన్లకు అతుక్కుంటాయి, జీడీబీ ఆ సంగతి చెప్పదు. దాచుకునే ఫైలులో ఫంక్షన్ పేర్లతో పెట్టినవే ఉంచుతాను.